ముగ్గుపిండి మీద తడిగీత

వరద తీసిన పదకొండో రోజు నుంచీ
లంక సైకిళ్ళు రేవు దాటి వస్తున్నాయి,
నావలో పడుకుని, ఇరుసులకు గుర్రపుడెక్క చుట్టుకుని.
రావులపాలెం అరటిమార్కెట్టు వెనక సందులో
నా రేకుల షెడ్డు గోడకు ఆనుకుని నిలబడతాయి
ఆసుపత్రి చీటీ పట్టుకున్న మనుషుల్లా.

ముందు తలకిందులు చేస్తాను.
సీటు గొట్టంలోంచి ఒండ్రు జారుతుంది
చిక్కగా, చల్లగా, ఇంకా ఏటి వాసనతో.
ఒకదాంట్లోంచి నత్తగుల్ల పడింది.
ఇంకోదాంట్లోంచి బస్సు టిక్కెట్టు,
ఎలా దూరిందో నేనడగలేదు.

వెనక చక్రం గాలిలో తిప్పి
బ్రేకు రబ్బరు దగ్గర ఒక కన్ను ఉంచుతాను.
రిమ్ము ఒకచోట దగ్గరకొచ్చి, ఒకచోట అలిగి దూరం జరుగుతుంది.
గోటితో మీటితే వదులైన చువ్వ
నిద్రలో పిలిచినవాడిలా బద్ధకంగా పలుకుతుంది.
గొలుసును పళ్ళచక్రం మీంచి పైకి లాగుతాను.
పన్నుకీ గొలుసుకీ మధ్య వెలుతురు కనపడిందా,
దానికి పొయ్యాల్సింది నూనె కాదు, ఇవ్వాల్సింది సెలవు.
కోను విప్పి వేళ్ళ మధ్య తిప్పుతాను:
అద్దంలా ఉండాల్సిన చోట అమ్మోరు పోసిన మచ్చలు.
గోళీలు లెక్కపెడితే అటు తొమ్మిది, ఇటు ఎనిమిదే.
ఆ ఒక్కటీ ఏ పిల్లోడి జేబులో ఉందో.

ఇవన్నీ కంటికి దొరికే దొంగలు.
ఫ్రేము అలా దొరకదు.
రంగేసుకుని, స్టిక్కరంటించుకుని
ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది.

దానికి జమాల్ మేస్త్రి నేర్పిన పని ఒకటుంది.
అతుకుల దగ్గర కిరసనాయిలు రాసి
అన్నం తినొచ్చేదాకా వదిలెయ్యాలి.
(కార్డు మీద ఇవ్వడం మానేశాక ఆ సీసాని మందులా దాచుకుంటున్నాను.)
పొడిగుడ్డతో చుక్క మిగలకుండా తుడిచి
పైన ముగ్గుపిండి చల్లాలి, పలచగా,
పసిపిల్లకి పౌడరద్దినట్టు.
ఇక కూర్చోవడమే.
ఇనుము మంచిదైతే పిండి తెల్లగా ఉండిపోతుంది.
పగులుంటే,
లోపల దాక్కున్న కిరసనాయిలు మెల్లగా పైకొచ్చి
తన గీత తనే గీసుకుంటుంది.
"మనం వెతక్కూడదురా, అదే చెప్పాలి" అనేవాడు మేస్త్రి.

ఇసాకు బండి చెప్పింది.
హెడ్డు దగ్గర, కింది గొట్టం అతుకు మీద,
వెంట్రుకంత.
లంకలోంచి గెలలు మోసే బండి అది.
అటు నాలుగు, ఇటు నాలుగు, క్యారియరు మీద ఒకటి.
"తొమ్మిదేనండి, ఆయ్, పదో గెల ఎత్తను" అంటాడు.
ఏటిగట్టు ఎక్కేటప్పుడు దిగి తోస్తాడు,
దిగేటప్పుడు మాత్రం ఎక్కి కూర్చుంటాడు.

ఉప్పుకాగితంతో రంగు గీకాను.
ఆకుపచ్చ కింద ఎరుపు, ఎరుపు కింద ఇత్తడి.
చేప పొలుసుల్లా ఒకదాని మీదొకటి పడిన అతుకు,
చివర్న ఎడమకి చిన్న తోక తిరిగి.

ఆ తోక నాకు తెలుసు.
నేను అతుకేస్తే అలాగే ముగుస్తుంది.

రెండేళ్ళ కిందట. సిలిండర్లో గ్యాసు అడుగంటింది.
మసక పడింది. ఇనుము సరిగా ఎర్రబడకముందే
ఇత్తడి కరిగించి పోసేశాను.
రంగేసి నూటయాభై తీసుకున్నాను.
అరటాకు రంగు కావాలని ఆయనే అడిగాడు.

ఇసాకు బల్లమీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.
"ఏవంటాదండీ బండి?"

వరద అనొచ్చు.
వారం రోజులు నీళ్ళలో నానింది కదా, అనొచ్చు.
ఈ నెల్లో అందరూ అన్ని తప్పులూ గోదారి మీదే వేస్తున్నారు,
గోదారి ఎవర్నీ ఏమీ అనదు.

సుద్దముక్కతో పగులు చుట్టూ సున్నా చుట్టాను.
"ఇది వరద పని కాదండి. నాది."

ఆయన వంగి చూశాడు. వేలితో పిండి తుడిచాడు.
గీత పోయింది.
మళ్ళీ కాస్త చల్లాను. కాసేపటికి మళ్ళీ వచ్చింది.
"మొన్న గట్టు దిగేటప్పుడు
ముందు మా చిన్నదాన్ని కూర్చోబెట్టుకున్నానండి" అన్నాడు.
తిట్టలేదు.
టీ మాత్రం పూర్తిచెయ్యలేదు.

షెడ్డు లోపల కొక్కేనికి నా సైకిలుంది.
దించి, ఆయన ముందు నిలబెట్టాను.
ఇచ్చేముందు దాని అతుకులకూ కిరసనాయిలు రాశాను.
తుడిచాను, పిండి చల్లాను.

ఇద్దరం ఒకే బల్లమీద కూర్చుని
దాని వంకే చూస్తున్నాం.
ఇప్పటిదాకా తెల్లగానే ఉంది.